మైనారిటీ: ఒక మాట మీద కొన్ని మాటలు

ఇంగ్లీషు నుంచి వచ్చి మన నోళ్లలో నానిపోయిన మాటలు చాలా ఉన్నాయి. బస్సు, టైము, లోను, కోర్టు. వీటికి తెలుగు మాటలు వెతికే పని పండితులది, జనానికి ఆ అవసరం లేదు. ఈ వరుసలో కాస్త వెనకగా వచ్చి చేరి, ముందొచ్చిన వాటితో సమానంగా తిరుగుతున్న మాట ఒకటుంది - మైనారిటీ. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి మూటలు మోసే హమాలీకి ఈ మాట తెలుసు. ఎమ్మిగనూరులో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నేతగానికి తెలుసు. బడి మొహం చూడని ముసలమ్మకూ తెలుసు. అర్థమేమిటని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు: "సాయిబులే గదా!"

ఆ జవాబులో తప్పు పట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. జనం ఒక మాటని ఎక్కడ విన్నారో అక్కడి అర్థాన్నే దానికిస్తారు. ఈ మాటని వాళ్ల చెవిన వేసిందెవరు, ఏ అర్థంతో వేశారు, దానివల్ల మనకి దక్కిందేమిటి, పోయిందేమిటి అని లెక్క చూడాలన్నదే నా ఉద్దేశం. ఉర్దూ వార్తని తెలుగులోకీ, తెలుగు వార్తని ఉర్దూలోకీ మార్చడం చాలా ఏళ్లుగా నా కూటి పని. అటునుంచి ఇటు మోసేటప్పుడు చేతికి బరువు తగిలే మాటలు కొన్ని ఉంటాయి. మైనారిటీ అట్లాంటిది.

ముందు దీని పర్యాయపదాలు చూద్దాం. ఉర్దూలో 'అఖలియత్' అంటారు. అరబ్బీ 'ఖలీల్' నుంచి వచ్చింది, ఖలీల్ అంటే కొంచెం, తక్కువ. ఉర్దూ పత్రికల్లో, జల్సాల్లో, వినతిపత్రాల్లో ఈ మాట దండిగా కనిపిస్తుంది. ఆదోనిలో ఇంటి లోపల మాత్రం వినపడదు. మన దక్ఖనీలో 'హమారే లోగాఁ' అంటారే తప్ప 'హమ్ అఖలియత్' అని ఏ అమ్మా తన కొడుకుతో అనదు. తనని తాను తక్కువగా లెక్కపెట్టుకునే మాట ఏ ఇంట్లోనూ పుట్టదు. అది బయటి నుంచి రావలసిందే.

తెలుగులో 'అల్పసంఖ్యాకులు' అని తయారుచేశారు. తయారుచేసినవాళ్లకి దురుద్దేశం ఉందని అనను. కానీ తెలుగులో 'అల్ప' అనే మాట ఉత్త లెక్క చెప్పి ఊరుకోదు. అల్పుడు, అల్పబుద్ధి, అల్పాయుష్షు, అల్పసంతోషి - ఒక్క అల్పాహారాన్ని మినహాయిస్తే, అది తగిలిన చోటల్లా మనిషిని కిందికి గుంజుతుంది. 'అల్పసంఖ్యాకులు' అన్నప్పుడు సంఖ్య దగ్గర ఆగాల్సిన అల్పత్వం మనిషి మీదికి పాకుతుంది. బహుశా అందుకేనేమో, జనం ఈ మాటని ముట్టుకోలేదు. ఆకాశవాణి వార్తల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో బతికింది గానీ బజారులోకి రాలేదు. బజారు ఇంగ్లీషు మాటనే ఎంచుకుంది.

ఆ ఇంగ్లీషు మాట కడుపులో ఇంకో అర్థం ఉంది. అది మనకి కొత్తదేమీ కాదు. పద్ధెనిమిదేళ్లు నిండనివాడు మైనర్. వాడి ఆస్తిని వాడు అమ్ముకోలేడు, వాడి సంతకం చెల్లదు, గార్డియన్ ఉండాలి. వెనకటి జమీందారీల కథల్లో 'మైనారిటీ తీరింది' అనే మాట తరచుగా వచ్చేది. తండ్రి చనిపోతే ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతికి పోయేది. పిల్లవాడికి ఈడొచ్చాక, మైనారిటీ తీరాక, తాళాలు వాడి చేతికిచ్చేవారు. పల్లెల్లో 'మేజర్ పంచాయతీ' అంటే పెద్ద ఊరు. ఇరిగేషన్ శాఖలో 'మైనర్' అంటే చిన్న చెరువులు, చిన్న కాలువలు. ఇన్ని వాడుకల్లోనూ మేజర్ పెద్ద, మైనర్ చిన్న. జమీందారు కొడుక్కి మైనారిటీ తీరే రోజు ఒకటి ఉండేది. ఒక మతస్థుల్ని మొత్తంగా మైనారిటీ అన్నాక అది తీరేదెప్పుడు? మన గార్డియన్ ఎవరు? 'మైనారిటీల రక్షకులం మేమే' అని ప్రతి ఎన్నికల్లో ప్రతి పార్టీ చెప్పుకోవడంలో ఈ గార్డియన్ అర్థమే గదా పలుకుతున్నది! కాపాడతామనేవాళ్లు ఎక్కువై, తాళాలిచ్చేవాళ్లు లేకుండా పోయారు.

మాట చరిత్ర కూడా కొంచెం చెప్పుకోవాలి. రాజ్యాంగ పరిషత్తు చర్చల్లో మైనారిటీ అంటే ముస్లింలొక్కరే కారు. అంబేద్కర్ 1947లో అచ్చువేసిన 'రాష్ట్రాలు - మైనారిటీలు' అన్న పుస్తకం షెడ్యూల్డు కులాల హక్కుల గురించి. సంఖ్య ఒక్కటే కొలత కాదనీ, సాంఘికమైన వివక్ష అసలు కొలత అనీ ఆయన వాదన. అంటే దళితులూ మనమూ ఒకప్పుడు ఈ ఒక్క మాట కింద పక్కపక్కన కూర్చున్నాం. తరవాత వాళ్లు తమ పేరు తాము పెట్టుకుని లేచిపోయారు. మనం ఆ మాట కిందే ఉండిపోయాం. 1949లో చట్టసభల్లో మతపరమైన మైనారిటీలకు సీట్ల రిజర్వేషన్ వద్దని పరిషత్తు తేల్చింది. చివరికి రాజ్యాంగంలో ఈ మాట మిగిలింది కొద్ది చోట్లే - 29వ అధికరణ శీర్షికలో, సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కునిచ్చే 30లో, భాషా మైనారిటీల కోసం 1956లో చేర్చిన 350 ఎ, 350 బి లలో. నిర్వచనం మాత్రం ఎక్కడా ఇవ్వలేదు.

బజారులోకి ఈ మాటని తెచ్చింది రాజ్యాంగం కాదు, బోర్డులు. 1978లో కేంద్రంలో మైనారిటీల కమిషన్, 1985లో మన రాష్ట్రంలో మైనారిటీల ఆర్థిక సంస్థ, 1992లో జాతీయ మైనారిటీల కమిషన్ చట్టం, 2006లో ఢిల్లీలో మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వశాఖ. ఆఫీసు వెనక ఆఫీసు వచ్చింది. దాని వెంటే లోను ఫారం, స్కాలర్‌షిప్ ఫారం, సర్టిఫికెట్, హాస్టలు, పార్టీల మైనారిటీ సెల్లు. ఫారంలోని గడి పేరు నెమ్మదిగా మనిషి పేరైపోయింది. 'మైనారిటీ లోను' అన్నంతవరకూ ఇబ్బంది లేదు. 'మా వీధిలో ముగ్గురు మైనారిటీలున్నారు', 'ఆయన మైనారిటీ' అనే దగ్గరే వ్యాకరణం తిరగబడింది. మైనారిటీ అనేది ఒక సమూహానికీ ఇంకో సమూహానికీ మధ్య లెక్క. ఒక్క మనిషి మైనారిటీ ఎట్లా అవుతాడు? ఒక్క మనిషి ఎప్పుడైనా ఒక్కడే గదా!

ఇక ఆ లెక్కే నిలకడైనదా అంటే అదీ కాదు. మన పశ్చిమ కర్నూలు ప్రాంతాన్ని మించిన సాక్ష్యం దీనికి అక్కర్లేదు. 1953 సెప్టెంబరు చివరి రోజు దాకా ఆదోని మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాలో ఉంది. ఎమ్మిగనూరు అప్పట్లో ఆదోని తాలూకాలోది. ఆ రాష్ట్రంలో తెలుగు మాట్లాడేవాళ్లు తక్కువ సంఖ్య, కన్నడంవాళ్లు మరీ తక్కువ. అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాయి. బళ్లారి పట్నం మైసూరుకు పోయింది. ఆ ఒక్క రాత్రితో ఆదోనిలో తెలుగువాడు అధికసంఖ్యలోకి ఎక్కాడు. బళ్లారిలో తెలుగువాడు భాషా మైనారిటీగా మిగిలాడు. ఇటువైపు కన్నడం మాట్లాడే కుటుంబం మైనారిటీ అయింది. ఎవరూ ఇల్లు మారలేదు, భాష మారలేదు, దేవుణ్ని మార్చుకోలేదు. గీత మారింది.

ఇంకొక అడుగు వెనక్కి పోదాం. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరులో ప్రాణం ఇచ్చింది దేనికి? తెలుగువాళ్లు ఇంకొకరి రాష్ట్రంలో తక్కువ సంఖ్యగా ఉండకూడదని. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక అడిగిందెవరు? కోస్తావాళ్ల సంఖ్య ముందు తాము తేలిపోతామని భయపడ్డ రాయలసీమవాళ్లు. కర్నూలు 1953లో రాజధాని అయిందంటే ఆ భయానికి ఇచ్చిన హామీ వల్లనే. మైనారిటీ బాధ అంటే ఏమిటో ఆంధ్రులకి, అందులోనూ సీమవాళ్లకి, వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ బాధలోంచి రాష్ట్రం పుడితే దాన్ని ఆత్మగౌరవం అన్నాం. అదే బాధ మొహల్లాలోంచి పలికితే 'బుజ్జగింపు రాజకీయం' అంటున్నాం. రెంటికీ మధ్య తేడా ఏమిటో లౌకికవాద మిత్రులు కొంచెం ఓపికగా ఆలోచించాలి.

సుప్రీంకోర్టు కూడా చివరికి ఈ గీతల మాటే చెప్పింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో మతమైనా భాషైనా మైనారిటీని రాష్ట్రాన్ని కొలతగా పెట్టుకుని లెక్కించాలని తీర్పిచ్చింది. 1993లో కేంద్రం అయిదు మతాలవాళ్లని మైనారిటీలుగా ప్రకటించింది - ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్శీలు. 2014 జనవరిలో జైనుల్ని చేర్చింది. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే జైన కుటుంబాలున్నాయి. చట్టం ప్రకారం ఆ సేటూ మైనారిటీయే, ఆయన దుకాణం ముందు మూట దించే ఖాజా మియా కూడా మైనారిటీయే. బజారులో ఎవరైనా ఆ సేటుని మైనారిటీ అంటారా? అనరు. చర్చికి పోయే మాదిగ కుటుంబాన్ని అంటారా? అదీ అరుదే. చట్టంలో ఆరు మతాలున్న మాట వీధిలోకి వచ్చేసరికి ఒక్క మతానికి మిగిలింది. ఆ మతంలోనూ పేదవాడికే అతుక్కుంది. ఈ మాట ఇప్పుడు లెక్క చెప్పడం మానేసి హోదా చెబుతున్నదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

హోదా అన్నాను గనక ఆదోని కోట వైపు ఒకసారి చూడాలి. 17వ శతాబ్దంలో బీజాపూరు ఆదిల్‌షాహీల తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ ఆఫ్రికా మూలాలున్న హబ్షీ. ఊళ్లో ఉన్న పెద్ద జామియా మసీదు ఆయన కట్టించిందే. మంత్రాలయం మఠానికి మంచాల గ్రామాన్ని ఇచ్చింది ఆదోని నవాబేనని మఠ సంప్రదాయమే చెబుతుంది. అప్పుడు కూడా ఆదోని సీమలో ముస్లింలు సంఖ్యలో తక్కువే, హబ్షీలైతే చేతివేళ్ల మీద లెక్కపెట్టాల్సినంత మంది. ఆయన్ని మైనారిటీ అన్నవాడు లేడు. బళ్లారి కంటోన్మెంటులో ఉన్న తెల్లవాళ్లని కూడా ఎవరూ మైనారిటీ అనలేదు. కుర్చీలో కూర్చున్నవాడు ఎంత తక్కువమందైనా మైనారిటీ కాడు. ఆ హబ్షీల పేరు ఈరోజు ఎక్కడుందో తెలుసా? ముస్లింలలోని వెనకబడిన కులాల జాబితాలో, 'సిద్ది, హబ్షీ' అన్న వరుసలో.

ఈ మాటకి గౌరవం దక్కిన వాడుక ఒకటి మా జిల్లాకి సంబంధించిందే. 1991లో పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యాక అప్పటి కర్నూలు జిల్లాలోని నంద్యాల నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారు. ఆయనది 'మైనారిటీ ప్రభుత్వం' అని పత్రికలన్నీ రాసేవి. సభలో సగం సీట్లు లేవు, అంతే. దాన్ని ఎవరూ అల్పంగా చూడలేదు. కొంచెం ఓర్పుతో, కొంచెం తెలివితో 1993 చివరికల్లా ఆ మైనారిటీ తీరింది కూడా. ఆ మైనారిటీ ప్రభుత్వం ఢిల్లీలో కూర్చుని ఉండగానే 1992 డిసెంబరు 6న అయోధ్యలో మసీదు కూలింది. ఆ రోజు దేశంలో రెండు మైనారిటీలున్నాయి. ఒకదానికి సైన్యం, పోలీసు, పార్లమెంటు ఉన్నాయి. రెండోదానికి రేడియో ముందు కూర్చుని వినడం మిగిలింది.

మరి ఈ మాట రాకముందు మమ్మల్ని ఏమని పిలిచేవారు? 'తురక' అనేవారు. ఇది తురుష్క నుంచి వచ్చిన పాత మాట, 1852 నాటి బ్రౌన్ నిఘంటువులోనూ ఉంది. మా ఇంట్లో మాట్లాడే భాషకి 'తురకం' అని పేరు. 'సాయిబు' అన్నారు, అది సాహెబ్ తెలుగు నాలుక మీద మెత్తబడిన రూపం. ఆడవాళ్లని బూబమ్మ, బీబమ్మ అన్నారు. పాతవన్నీ బంగారమని చెప్పను. 'తురకోడు' అని పళ్లు కొరికి అనే వాడుక నిన్నా ఉంది, నేడూ ఉంది. తురకల మీద ఉన్న సామెతలు కొన్ని అచ్చులో పెట్టదగినవి కావు. కానీ ఆ మాటల పక్కనే ఇంకో వాడుక ఉండేది. కౌతాళం వైపు పల్లెల్లో కాశీం సాయిబుని బోయ పిల్లగాడు 'మామా' అంటాడు. హుసేన్‌బీని 'పెద్దమ్మా' అంటాడు. పీర్ల పండుగ నాడు అగ్గిగుండం చుట్టూ ఎగిరేవాళ్లలో ముస్లింల కంటే ఇతరులే ఎక్కువ ఉండే ఊళ్లు ఎన్నో. ఆ కౌతాళంలోనే దర్గా పేరు ఖాదర్‌లింగ స్వామి. ఖాదర్, లింగ, స్వామి - మూడు మాటలు ఒకదానికొకటి అడ్డం రాకుండా కూర్చున్నాయి. ఆ పేరు పెట్టిన జనానికి మైనారిటీ అనే మాట తెలియదు. ఇంగ్లీషు రాక కాదు, పక్కింటివాణ్ని లెక్కపెట్టాల్సిన పని పడలేదు. 'తురక'లో తిట్టు ఉండవచ్చు, చనువూ ఉండవచ్చు. ఏది ఉందో గొంతుని బట్టి తెలిసిపోతుంది. 'మైనారిటీ'లో తిట్టు లేదు. చనువూ లేదు.

ఇప్పుడు నా వృత్తి వైపు వస్తాను. తెలుగు పత్రికలు మనుషులకి వరసలు కలిపి పిలవడంలో చాలా ఉదారమైనవి. రైతు 'రైతన్న'. ఎమ్మిగనూరు నేతగాడు 'నేతన్న'. మాచాని సోమప్ప 1938లో నేత సహకార సంఘం పెట్టి నిలబెట్టిన ఊరు గనక అక్కడి విలేఖరి కలం నుంచి ఈ మాట రోజూ రాలుతుంది. జాలరి 'గంగపుత్రుడు'. మైనారిటీకి మాత్రం అన్న తగలలేదు. 'మైనారిటన్న' అని రాసి చూడండి, కలమే నవ్వుతుంది. రంజాన్ నెలవంక కనపడిందా, ఆ ఒక్క రోజుకి మేం 'ముస్లిం సోదరులం'. షీర్‌ఖుర్మా గిన్నెలు కడిగేసరికి ఆ సోదరభావం అయిపోతుంది. ఎన్నికల పేజీలో 'మైనారిటీ ఓట్లు' అవుతాం, అదీ మూటలు మూటలుగా - ఎవరి ఖాతాలో పడతాయి, ఎన్ని చీలతాయి అని. గొడవ జరిగితే 'ఒక వర్గం' అవుతాం. మత కలహాల వార్తల్లో పేర్లు రాయకూడదన్న నియమం మంచికే పుట్టింది. అయితే ఆ 'ఒక వర్గం' ఎవరో గుర్తుపట్టని పాఠకుడు లేడు. పూర్తి పేరు, తండ్రి పేరు, వీధి పేరుతో సహా మాకు అచ్చులో స్థలం దొరికేది ఎక్కువగా నేరవార్తలోనే. పండుగకి ఒక పేరు, ఓటుకి ఒక పేరు, గొడవకి ఒక పేరు, స్టేషనుకి ఒక పేరు. నాలుగు పేజీల్లో నాలుగు పేర్లున్న మనిషి ఒక్కడేనని పాఠకుడికి తట్టే సందర్భం రాదు.

అయిదో పేజీ ఒకటుంది. కోసిగి, కౌతాళం, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి వానలు లేని ఏళ్లలో కుటుంబాలకి కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయలు తెంచడానికి పోతాయి. మా పక్క దీన్ని సుగ్గి అంటారు. ఆ లారీల్లో బోయలుంటారు, మాదిగలుంటారు, కురువలుంటారు, దూదేకులవాళ్లుంటారు. ఆ వార్తలో అందరికీ ఒకటే పేరు, 'వలస కూలీలు'. అదే ఖాజాబీ గుంటూరు నుంచి వెనక్కి వచ్చి ఓటరు లైనులో నిలబడగానే మైనారిటీ అయిపోతుంది. ఆమె ఆకలికి మతం లేదని పత్రిక ఒప్పుకున్నది, ఆమె ఓటుకి మాత్రం ఒప్పుకోదు.

నేను పనిచేసిన ఒక పత్రికలో జరిగింది చెబుతాను. ఆదోనిలో ఒక మొహల్లాలో వారం రోజులు కుళాయి రాకపోతే ఆడవాళ్లు ఖాళీ బిందెలతో రోడ్డు మీద కూర్చున్నారు. అందులో మా వీధివాళ్లున్నారు, పక్క వీధి బోయలున్నారు, ఉప్పరవాళ్లున్నారు. ఎన్ని రోజులు రాలేదో, ట్యాంకరు ఎందుకు ఆగిందో అడిగి రాసి పంపాను. తెల్లవారి పేపరులో శీర్షిక 'మైనారిటీల ఆందోళన'. ఎందుకిట్లా అని డెస్కుని అడిగితే, "ఆ ఏరియా అంతా వాళ్లే కదండీ, అర్థం కావాలి కదా" అన్నారు. అర్థమైంది నిజమే. దప్పిక వార్త మతం వార్త అయింది. మున్సిపాలిటీని అడగాల్సిన ప్రశ్న మొహల్లా మీదికి మళ్లింది. మర్నాడు పక్క వీధివాళ్లు ఆ ధర్నాకి రాలేదు. ఒక మాటని అలవాటుగా వాడితే నష్టమేమిటని అడిగేవాళ్లకి నా దగ్గరున్న జవాబు ఆ ఖాళీ అయిన సగం రోడ్డే.

సాహిత్యంలోనూ ఇదే తంతు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చింది. దాని సంపాదకుడు తమ కవిత్వానికి 'ముస్లింవాద కవిత్వం' అని తానే పేరు పెట్టాడు. అయినా విమర్శకుల పుస్తకాల్లో, యూనివర్సిటీ పాఠాల్లో 'మైనారిటీవాదం' అనే అధ్యాయం పేరు పోలేదు. స్త్రీవాదం స్త్రీల పేరుతో ఉంది. దళితవాదం దళితులు ఎంచుకున్న పేరుతో ఉంది. మా కవిత్వానికి మాత్రం జనాభా లెక్కల శాఖ పేరు పెట్టింది! అందులో క్రైస్తవ కవులకి చోటుందా అంటే లేదు, సిక్కు, జైన కవుల ఊసే లేదు. లోపల ముస్లింలే ఉన్నప్పుడు తలుపు మీద మైనారిటీ అని ఎందుకు రాయాలి? ముస్లిం అనడానికి నోరు ఎందుకు తడబడాలి? ఈ తడబాటులో మర్యాద ఉందని కొందరు మిత్రులంటారు. పేరు పలకడం అమర్యాద అనిపించే మర్యాద నాకు అర్థం కాదు.

మరోవైపు కథకులు ఏం చేశారో చూడండి. ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు' 1999లో పుస్తకంగా వచ్చింది. 2011లో వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' వచ్చి, మరుసటి ఏడు కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం తెచ్చుకుంది. ఒకటి నెల్లూరు జిల్లా నుడికారం, ఇంకొకటి కడప నుడికారం. పాఠకులు వాటిని చేతిలోంచి దించకుండా చదివింది మైనారిటీ సమస్య తెలుసుకుందామని కాదు. అమ్మలున్నారు, అప్పులున్నాయి, పండుగ బట్టల కోసం ఏడ్చే పిల్లలున్నారు. చదివి పక్కన పెట్టాక ఆ ఇంటి మనుషులు గుర్తుంటారు. విమర్శ మాత్రం ఆ ఇంటికి మళ్లీ ఫారం గడి పేరే తగిలించి వచ్చింది. రచయిత గేటు తీసి పిలిస్తే విమర్శకుడు గోడ మీద నంబరు వేసి పోయాడు.

ఈ చూపుడువేలు బయటికే తిప్పి ఊరుకుంటే న్యాయం కాదు. ఉర్దూ ఇళ్లలోనూ ఒక మెజారిటీ ఉంది. మా పశ్చిమ కర్నూలు పల్లెల్లో దూదేకుల కుటుంబాలు లెక్కలేనన్ని. ఇంట్లో తెలుగు, సరిహద్దు దాటితే కన్నడం. హుసేనప్ప, మౌలాలి, ఫకీరమ్మ - పేర్లలోనే మతమూ మట్టీ కలిసిపోయి ఉంటాయి. వాళ్ల నమాజు నమాజే, వాళ్ల జనాజా జనాజాయే. అయినా పట్నం ఉర్దూ ఇళ్లలో పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి 'హమారే లోగాఁ'లో వాళ్లకి చోటుండదు. 'పింజారీ' అనే వృత్తి పేరు తెలుగులో తిట్టయింది. ఆ తిట్టుని హిందువులతో పాటు ఉర్దూ మాట్లాడే ముస్లింలూ వాడతారు. అందుకే వాళ్లు నూర్‌బాషా అనే పేరు కోరుకున్నారు. మైనారిటీలోపలి మైనారిటీకి పర్యాయపదం అడిగితే ఏం చెబుతాం? మమ్మల్ని లెక్కగా చూడొద్దని బయటివాళ్లకి చెప్పే గొంతు, లోపల దూదేకుల పిల్లని పేరుపెట్టి పిలవగలగాలి.

ఇంతా చెప్పి ఈ మాటని పారేద్దామని నేననడం లేదు. పారేయడం చాలామందికి సంతోషం. 'అందరూ భారతీయులే, మైనారిటీ ఏమిటి' అనేవాళ్లు ఆ వంకన పట్టుకుపోయేది మాటని కాదు, దాని వెనకున్న 30వ అధికరణని. 1958లో కేరళ విద్యాబిల్లు కేసు నుంచి 2024 నవంబరులో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం మీద వచ్చిన తీర్పు దాకా కోర్టుల్లో మన బడి మనది అని నిలబడగలిగింది ఈ మాట పట్టుకునే. సచార్ కమిటీ 2006లో మన చదువులు, ఉద్యోగాలు, అప్పుల పరిస్థితి బయటపెట్టగలిగింది ఒక సమూహాన్ని సమూహంగా లెక్కించబట్టే. లెక్క కావలసిన చోట లెక్క మాటే వాడాలి.

కానీ ఆ లెక్కకి ఉన్న హద్దు కూడా మన రాష్ట్రమే చూపించింది. 2004లో ముస్లింలందరికీ కలిపి ఇచ్చిన అయిదు శాతం రిజర్వేషన్ కోర్టులో నిలవలేదు, 2005లో మళ్లీ ఇచ్చిందీ నిలవలేదు. 2007 చట్టం మమ్మల్ని మొత్తంగా కాక విడివిడిగా పేరుపెట్టి పిలిచింది. అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, ఫకీరులు, హజాములు, ధోబీ ముస్లింలు, కురేషీలు, అచ్చుకట్లవాళ్లు. బిసి-ఇ గ్రూపు కింద నాలుగు శాతం. 2010లో హైకోర్టు దాన్నీ కొట్టేస్తే, అదే ఏడు సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అమలు సాగుతూ వచ్చింది. దూదేకులవాళ్లు అంతకుముందు నుంచే బిసి-బిలో ఉన్నారు. మైనారిటీ అనే పెద్ద దుప్పటి కింద కనపడని చేతిపనులు, ఆకలి, అంతరాలు ఆ జాబితాలో ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. మా ఇంజనీరింగ్ కాలేజీ సీట్లలో కొన్ని ఆ పేర్లు తెచ్చిపెట్టినవే.

కనుక నా ప్రతిపాదన చిన్నది. దరఖాస్తులో మైనారిటీ అని రాయాల్సిన గడిని ఖాళీగా వదలొద్దు. కోర్టులో, అసెంబ్లీలో, బడ్జెట్ చర్చలో ఆ మాటని గట్టిగా పలుకుదాం. ఆ గడి దాటి బయటికొచ్చాక ఆ మాటని అక్కడే వదిలేద్దాం. వార్త రాసేవాళ్లు కుళాయి రాని వీధి పేరు రాయండి, హమాలీ కూలి ఎంత తగ్గిందో రాయండి. ముస్లిం అని చెప్పాల్సి వస్తే ముస్లిం అనే చెప్పండి, నోరు కాలదు. విమర్శ రాసేవాళ్లు కవి తన కవిత్వానికి పెట్టుకున్న పేరుని మన్నించండి. సభల్లో 'మైనారిటీ మిత్రులు కూడా వచ్చారు' అని మైకులో చెప్పేవాళ్లు ఒక్కసారి ముందు వరసలోకి చూసి, అక్కడ కూర్చున్నవాళ్ల పేర్లు తెలుసో లేదో చూసుకోండి. తెలియకపోతే అడగండి. ఆదోనిలో, ఎమ్మిగనూరులో పేరు అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఏ ఊరో, ఎవరి పిల్లోళ్లో కూడా చెప్పి, టీ తాగి పొమ్మంటారు.